బొట్టు పెట్టి పిలిచిన కాలువ పని

జ్యేష్ఠమాసావసానమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన భూతలము నెఱ్ఱెలు విచ్చి మేఘాగమనమును నిరీక్షించుచుండగా నల్లగుట్లపల్లె పొలములకు కొండవాగు నీరు గొనివచ్చు కాలువ ఇసుకమేటలచే పూడి పాము విడిచిన కుబుసమువలె పడియుండెను. తొలివాన పడునంతలో దానిని త్రవ్వకున్న ఆ యేడు పైరు లేదు. పైరు లేని యూర బేరము లేదు. ఈ లెక్క అంగడియజమానుడగు పబ్బిశెట్టి నాగలింగమునకు కరతలామలకము.

గ్రామమునసబు ఓబుళరెడ్డి ఊరెల్ల పనికి రావలెనని వీథివీథిని తప్పెట వేయించెను. అది మ్రోగినదే తడవుగా జనులు పశువుల పలుపులు విప్పి కొండకు తోలుకొని పరువిడిరి. ఏలయన ఆ యూర తప్పెట మ్రోగుట శిస్తు కట్టనివారి గొడ్లను జప్తు చేయుటకే గాని శుభమునకు ఎన్నడును కాదు. నిర్జనమైన కాలువగట్టున చాలసేపు నిలిచి విసిగిన మునసబు అంగడియరుగుపై వచ్చి చతికిలబడెను.

"ఈ ఊరోళ్లకు నోరే గాని నడుము లేదు శెట్టీ!"

"నడుముండాది రెడ్డీ! నీ తప్పెట ఇంటే గొడ్డును ఇప్పేదానికే వంగుతాది," అని నాగలింగము నవ్వెను. "పెండ్లికి తప్పెటేసి పిలుస్తామా? బొట్టు పెట్టి పిలుస్తాము. ఇదీ అట్లనే పిలువు."

"సర్కారు మనిషిని, గడపగడపకూ పోయి నిలబడాల్నా?"

"సర్కారు నీకు పెత్తనమిచ్చినాది, మనుషుల నియ్యలేదు. వాళ్లను నువ్వే తెచ్చుకోవల్ల."

మరునాటి యుషఃకాలమున మునసబు ఇల్లాలు కుంకుమభరిణెతోను మునసబు ఆకువక్కల పళ్లెముతోను ఇల్లిల్లు తిరుగజొచ్చిరి. నాగలింగము వెంట నడిచెను. తొలి వీథిలోనే, పోయిన యేడు పాడిబఱ్ఱె జప్తైన బాలక్క గడపకడ్డముగా నిలిచెను.

"నా బర్రెను తోలుకపోయిన కాళ్లేనా ఇవి?"

వీథియెల్ల ఆమె మోమునే చూచుచుండెను. ఈ తలుపు మూతపడినచో ఊరి తలుపులన్నియు మూతపడునని నాగలింగము గ్రహించెను. మునసబు తలవంచి పలికెను.

"ఆ కాళ్లే అక్కా. ఈపొద్దు పిలవను వచ్చినాయి. తిట్టు, పడతాను. పనికి మాత్రం రా."

బాలక్క గడపకడ్డు తొలగి బొట్టునకు నొసలు చాచెను. "పెండ్లి పిలుపు బాగుండాది. పప్పన్నమెవరు పెడతారు?"

"శెట్టి పెడతాడు!" అనెను మునసబు.

ఊరు గొల్లున నవ్వెను. ఉచితముగా సలహా నొసగిన నోటికి బియ్యముకూడ తగిలెనే యని నాగలింగము తల గోకికొనెను గాని కాదనలేదు. ఎండ ముదురకమునుపే పారలు గంపలు గడ్డపారలు భుజములకెత్తి ఆబాలగోపాలము కాలువకు కదలగా, ముందు నడిచినది బాలక్కయే. తొలివాన కురియునాటికి కాలువ సిద్ధమయ్యెను.

తూము తెఱచుదినమున మునసబు మరల తప్పెట వేయించెను. జనులు నవ్వుచు నీటి కెదురేగిరి. అధికారమనునది సర్కారు అరువిచ్చిన సరకు, వంగి పంచినవానికే లాభమని తలపోయుచు నాగలింగము అంగడి గడపనుండి సగర్వముగా వీథిని కలయజూచెను. తప్పెట మ్రోగుచునేయుండెను, ఏ కొయ్యనుండియు ఒక్క పలుపైనను ఊడలేదు, గొడ్లు నిశ్చింతగా నెమరు వేయుచుండెను.