గేటమ్మ చింపిన నోట్లు

మా అమ్మ నోట్లన్నీ చింపేసింది. ఒకటీ అరా కాదు, కట్ట మొత్తం. పోనీ పిచ్చి కోపంలో పరపరా చింపిందా అంటే అదీ కాదు. మహాతల్లి, ఒక్కో నోటునీ సరిగ్గా నడిమికి మడిచి, మడత మీద గోరు గీసి, కత్తిరించినంత నీటుగా చింపింది. ముప్పై ఏళ్ళు సినిమా హాలు తలుపు దగ్గర నిలబడి టికెట్లు చింపిన చెయ్యి కదా, పనితనం ఎక్కడికి పోతుంది? ఆ రోజుల్లో మా పేటలో అందరూ ఆమెను గేటమ్మ అనేవారు. నన్ను గేటమ్మ కూతురనేవారు. ఇప్పుడు ఆ హాలూ లేదు, గేటూ లేదు. నేనొక కూతుర్ని ఉన్నానన్న సంగతి అమ్మకి గుర్తూ లేదు.

ఆ డబ్బు దేనికోసమో కూడా చెప్పేస్తాను. అమ్మని వృద్ధుల హోంలో చేర్చడానికి. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి, నాకేం బాధ లేదు. మతి తప్పిన మనిషిని గదిలో పెట్టి తాళం వేసి పనికెళ్ళడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు మాత్రం తిట్టరు. నేను హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర పనిచేస్తాను. మిషన్ ఎక్కడైనా ఠప్పుమంటే చాలు, ఇంట్లో స్టవ్వు పేలిందేమోననిపించేది. ఒకసారి అమ్మ నిజంగానే స్టవ్వు మీద ఖాళీ గిన్నె పెట్టి మర్చిపోయింది. కింది వాటా పిన్ని పొగ చూసి, తన దగ్గరున్న తాళంచెవితో పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. "అమ్మాయ్, ఇవాళంటే నేనున్నాను. రేపు నేను లేకపోతే?" అంది.

ఏడాదంతా ఓవర్‌టైం చేసి, చచ్చీ చెడీ అడ్వాన్సుకి సరిపడా కూడబెట్టాను. శుక్రవారంలోగా కడితే మంచం మనది. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని హోం మేనేజరు తెగేసి చెప్పాడు. డబ్బు కవర్లో పెట్టి చీరల అడుగున దాచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. అమ్మ రోజంతా చేసే పని చీరల మడతలు విప్పడమూ, మళ్ళీ పెట్టడమే.

బుధవారం పని నుంచి వచ్చి తలుపు తీసేసరికి అమ్మ ఎదురుగా చెయ్యి చాపి నిలబడి ఉంది.

"టికెట్టు?"

ఇది రోజూ ఉండే భాగోతమే. బస్సు టికెట్టో, కొట్టువాడిచ్చిన చీటీయో చేతిలో పెడతాను. చింపి, సగం డబ్బాలో వేసి, సగం నాకిచ్చి, "కుడిపక్కకి వెళ్ళు" అంటుంది. అప్పుడు నా ఇంట్లోకి నన్ను రానిస్తుంది. మొదట్లో నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం కాళ్ళు పీకుతున్నాయి, జేబులో చిత్తు కాగితం కూడా లేదు.

"లేదమ్మా. కాస్త పక్కకి జరుగు."

"టికెట్టు లేకుండా ఎలా పంపిస్తానమ్మా? ఓనరు చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

భుజం పట్టుకుని మెల్లగా జరిపి లోపలికి వెళ్ళాను. కుర్చీ మీద సగం నోటు ఉంది. స్టూలు మీద ఇంకో సగం. మంచం అంచున వరసగా పెట్టింది. కిటికీ గట్టు మీద, ట్రంకు పెట్టె మీద, బోర్లించిన బకెట్టు మీద కూడా. మనిషి కూర్చోగలిగిన ప్రతి చోటా సగం నోటు పెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏం చేశావే అమ్మా!" అని అరిచాను.

"అరవకు. లోపల సినిమా నడుస్తోంది. హౌస్‌ఫుల్," అంది, ఎంత సంబరంగానో.

అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపులో డబ్బు పోయిన దిగులుకంటే కోపమే ఎక్కువ, నిజం చెప్పాలంటే. ఎవరి మీద కోపమో తెలియదు. అమ్మ నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఏడుపు సీను వచ్చిందా? ఊరుకో తల్లీ, చివరికి అందరూ బాగుంటార్లే," అంది.

ముఖం కడుక్కుని, డబ్బాలోని సగాలు నేలమీద పరిచి, కుర్చీల మీది సగాలు ఏరుకొచ్చి, నంబర్లు చూసి జతలు కలిపాను. అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. డబ్బాలో దాని సగం ఉంది, రెండో సగం లేదు. ఇల్లంతా జల్లెడ పట్టాను. చివరికి చూస్తే అమ్మ జాకెట్టు అంచులోంచి కాగితం తొంగిచూస్తోంది.

"అమ్మా, ఆ ముక్క ఇటివ్వు."

చప్పున చేత్తో మూసేసుకుంది. "ఇది ఇవ్వను. ఇది మా పిల్లది."

"ఏ పిల్ల?"

"మా అమ్మాయి. బడి వదలగానే వస్తుంది. ఎప్పుడూ దాన్ని దొంగచాటుగా లోపలికి పంపి, తలుపు వెనక నా స్టూలు మీద కూర్చోబెడతాను. ఓనరు వస్తే పాపం లేచి మరుగుదొడ్లో దాక్కుంటుంది. ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదమ్మా అది. అందుకే ఈసారి టికెట్టు కొన్నాను. దర్జాగా కుర్చీలో కూర్చుంటుంది."

ఆ మరుగుదొడ్డి వాసన నాకింకా గుర్తే. గోడ అవతల జనం నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేను కూడా నవ్వేదాన్ని.

"ఆ పిల్లని నేనేనమ్మా," అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసి కిసుక్కున నవ్వింది. "పో అమ్మా, నువ్వెక్కడ, అదెక్కడ! దానికి రెండు జడలు."

మర్నాడు సెలవు పెట్టి, పిన్నిని అమ్మ దగ్గర కూర్చోబెట్టి బ్యాంకుకి వెళ్ళాను. తడిసిన నోట్ల సంగతి నాకు బాగా తెలుసు. మా లాండ్రీలో జేబుల్లో మర్చిపోయినవి బోలెడు దొరుకుతాయి. ఆరబెట్టి ఇస్త్రీ చేస్తే లేచి కూర్చుంటాయి. చిరిగిన నోటు సంగతే తెలియదు. టేపు చుట్ట చేతిలో పట్టుకుని వెళ్ళాను.

కౌంటర్లో కళ్ళద్దాలాయన ముందు ఆ టేపు చూసి బెదిరిపోయాడు. "నంబరు మీద అంటించకండమ్మా, విడిగానే ఇవ్వండి," అని జతలన్నీ ఒక్కొక్కటీ గాజు కింద పెట్టి చూశాడు. ఇంత పద్ధతిగా చిరిగిన నోట్లు తన సర్వీసులో చూసి ఉండడు.

"ఎవరు చింపారు?"

"మా అమ్మండీ."

"కోపంలోనా?"

"కాదండీ. డ్యూటీలో."

ఆయనకి అర్థం కాలేదు, నేను విడమరచలేదు. నోట్లన్నీ మార్చి ఇచ్చాడు. జత లేని సగాన్ని మాత్రం వెనక్కి తోశాడు. "ఒక్క ముక్కకి పూర్తి డబ్బు ఇవ్వలేను. రెండోది కూడా తెండి, మారుస్తాను," అన్నాడు. తక్కువైన ఆ నోటు పిన్ని సర్దింది.

శుక్రవారం అమ్మ తలకి నూనె రాసి, దువ్వి, మంచి చీర కట్టించాను. సినిమాకా అని అడిగింది. అవునన్నాను. హోం దగ్గర నీలం కోటు వేసుకున్న ఆయమ్మ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ బుద్ధిగా రెండడుగులు నడిచి, తలుపు దగ్గర ఆగిపోయింది. జాకెట్టులోంచి ఆ సగం నోటు తీసి, నలిగిన అంచులు సాపు చేసి ఆయమ్మ చేతిలో పెట్టింది.

"బడి వదిలాక మా పిల్ల వస్తుంది. ఇది దానికివ్వు. దానికి టికెట్టు ఉంది, ఎవరూ ఆపకూడదు."

ఆయమ్మ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. అమ్మ లోపలికి వెళ్ళాక ఆ ముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అలా రెండు సగాలూ నా పర్సులోకి చేరాయి. బస్సు బ్యాంకు ముందే ఆగుతుంది. దిగి రెండు నిమిషాలు నిలబడితే మంచి నోటు చేతికొస్తుంది. దిగలేదు. పిన్ని బాకీ జీతంలోంచి తీర్చాను.

తర్వాత ప్రతి ఆదివారం అదే పని. హోంలో కూడా అమ్మ తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉండనివ్వలేదు. నేను సగం నోటు చూపించేదాన్ని. అటూ ఇటూ తిప్పి చూసి, "ఓహో, ఇంటర్వెల్‌కి వెళ్ళొచ్చావా? పద పద, మొదలైపోయింది," అని తోవ ఇచ్చేది. కూతురినని ఒప్పుకోకపోయినా, సినిమాకి వచ్చిన మనిషినని ఒప్పుకుంది. నాకదే పదివేలు. పక్కన కూర్చుని ఖాళీ వరండా కేసి చూసేవాళ్ళం. మధ్యలో అడిగేది, "మా పిల్ల వచ్చిందా?" అని.

"వచ్చిందమ్మా. లోపల ఉంది."

"స్టూలు మీదా?"

"కాదు, కుర్చీలో."

అమ్మ ముఖం వెలిగిపోయేది. నేను మరుగుదొడ్లో పోగొట్టుకున్న సినిమాలన్నీ ఆ వరండాలో చూసేశాను.

మొన్నటి ఆదివారం వెళ్ళేసరికి తలుపు పక్క కుర్చీ ఖాళీ. అమ్మ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. జ్వరం వచ్చి తగ్గిందట, చిక్కిపోయింది. అలవాటుగా సగం నోటు తీసి చూపించాను. తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, జాలిగా తల ఊపింది.

"అయ్యో, ఇది చిరిగిపోయిన నోటండీ. ఎవరో మిమ్మల్ని మోసం చేశారు."

మా అమ్మ నన్ను మీరు అంది.

"రెండో ముక్క ఉందా?"

"ఉందండీ," అన్నాను. నాకూ ఆ మర్యాదే వచ్చింది నోట్లోంచి.

"అయితే బ్యాంకుకి తీసుకెళ్ళండి, మార్చి ఇస్తారు. ఇలా పర్సులో పెట్టుకుని తిరిగితే ఏం లాభం?" అని నోటు నా చేతిలో పెట్టింది. ఎన్నాళ్ళకో ఆమె నోట ఒక సరైన మాట విన్నాను. ఆ మాట రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

"ఎవరి కోసం వచ్చారు?" అంది.

"మా అమ్మ కోసం."

"ఏ గదిలో ఉంటారు?"

"ఈ గదిలోనే ఉండేదండీ."

అమ్మ గదంతా కలయజూసింది. నన్ను చూసి మొహమాటంగా నవ్వి, మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది. "కూర్చోండి మరి. వచ్చేస్తారు," అంది.

కూర్చున్నాను. టికెట్టు అడగలేదు.