అయిదో నట్టు

బావ కారు షాపులోకి దూసుకొచ్చేసరికి చక్రాలు సెగలు కక్కుతున్నాయి. దారి పొడుగునా బ్రేకులు తొక్కుకుంటూ వచ్చుంటాడు. ఆయన కోపానికి మనుషులేమిటి, ఇనుమైనా కాగాల్సిందే.

అక్క లోపలి గదిలో ఉంది. మూడు రోజుల క్రితం చిట్లిన పెదవితో, ఒక చెవి వినబడక, కట్టుబట్టలతో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. పెళ్ళికి ముందు ఈ షాపులో చక్రాల పని ఆవిడదే. తమ్ముడికి నేర్పిందీ ఆవిడే. చక్రానికి అయిదు నట్లు. ముందు చేత్తో తిప్పి, తర్వాత పొడుగు పానా వేయాలి. బిగువు సరిపోగానే ఆ పానా టక్‌మంటుంది. "కంటిని నమ్మకురా, చెవిని నమ్ము. అయిదు టక్కులు వినబడేదాకా లేవకు" అనేది.

"మీ అక్కని పంపిస్తావా, నన్నే లోపలికి రమ్మంటావా?" అన్నాడు బావ.

"అక్క రాదు బావా."

మాట పూర్తవకముందే ముఖం మీద పిడికిలి దిగింది. రెండో గుద్దుకి ముక్కు పగిలింది, మూడోదానికి తమ్ముడు కింద పడ్డాడు. డొక్కలో బూటుకాలితో తన్నులు ఎన్ని పడ్డాయో అతను లెక్కపెట్టుకోలేదు. ఈ మనిషితో బాహాబాహీ తలపడితే తాను బతకడని మాత్రం అర్థమైంది.

"రేపు నేనే దింపుతాను బావా" అన్నాడు నెత్తురు ఉమ్ముతూ. "ఈలోగా చక్రాలు కడుగుతాను. చూడు, మసి ఎలా పట్టిందో."

బావ ఆగాడు. పెళ్ళాం పెదవి చిట్లినా ఆయన కంటికి ఆనదుగానీ, అల్లాయ్ చక్రం అంచున గీత పడితే ముద్ద దిగదు. "విప్పి లోపలివైపు కూడా కడుగు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వేడి చక్రం మీద మసి వదిలించే మందు పోస్తే మచ్చ పడుతుంది కాబట్టి ముందు చల్లారనిచ్చాడు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, మందు చల్లాడు. బ్రేకుల నుంచి రాలిన ఇనప పొడి మందు తగలగానే వంకాయ రంగులో కరిగి కారింది. అతని ముక్కు నుంచి చుక్కలు దాంట్లో పడుతున్నాయి. ఒక మూల కాస్త మసి మిగిలిందని బావ లేచొచ్చి, అతని మెడ పట్టి ముఖాన్ని చక్రానికేసి రుద్దాడు. "కనబడిందా? ఇప్పుడు కనబడిందా?" అన్నాడు. మందు చేరిన కన్ను భగ్గుమంది. తమ్ముడు నీళ్ళు కొట్టుకుని మళ్ళీ బ్రష్షు పట్టుకున్నాడు.

మూడు చక్రాలకూ పానా వేశాడు. నాలుగోది స్టీరింగు వైపు ముందు చక్రం. దాని నట్లు చేత్తో తిప్పి, పానా వేయకుండానే జాకీ దించేశాడు. ఊరి బయట వంపు దగ్గర ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. తెలిసే చేశాడు. పీడ విరగడైపోతుందని లోలోపల సంబరపడ్డాడు కూడా.

"అయిపోయింది బావా. వెళ్ళిరా."

"రేపటిదాకా ఎందుకు?" బావ ఒక్క తన్నుతో లోపలి గది తలుపు విరగ్గొట్టి, అక్కని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. కారు తలుపుకేసి ఆవిడ తల కొట్టాడు.

చెబితే ఇక్కడే తనని చంపుతాడు, చెప్పకపోతే వంపు దగ్గర అక్క చస్తుంది.

"ఆగండి" అంది అక్క. "చివరి చక్రం బిగించలేదు."

బావ పకపకా నవ్వాడు. "బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. వీడు చూడు, నట్లు బిగించడమే మర్చిపోయాడు! నువ్వు బిగించు."

అక్క పొడుగు పానా తీసుకుని చక్రం ముందు మోకరిల్లింది. టక్. టక్. టక్. టక్. అయిదో నట్టు దగ్గర ఆగింది.

"ఏమే, నిద్రపోయావా?" బావ మళ్ళీ జుట్టుకేసి చెయ్యి చాచాడు.

అక్క లేస్తూనే పానా తిప్పి ఆ మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు షాపంతా వినబడింది. బావ అరిచేలోపు మోకాలి మీద మరోటి వేసింది. కిందపడ్డాక మోచేతి మీద ఇంకొకటి. ఆరేళ్ళ నుంచి తనమీద లేచిన చెయ్యి ఏదో ఆవిడ పొరబడే ప్రసక్తే లేదు. బావ వంకాయ రంగు నీళ్ళలో పొర్లుతూ ఏడ్చాడు.

"ఇటివ్వు అక్కా, నేను పూర్తి చేస్తాను!" తమ్ముడు పానాకేసి ఉరికాడు.

"దగ్గరికొస్తే నీకూ పడుతుంది" అంది. వంగి అయిదో నట్టు బిగించింది. టక్. తర్వాత మొగుడి వైపు తిరిగింది. పెళ్ళయ్యాక ఆయన్ని ఏనాడూ 'మీరు' తప్ప మరోమాటతో పిలవలేదు. "చక్రాలు గట్టిగా ఉన్నాయి. నీకు ఇంకో చెయ్యుంది. పో."

బావ కుంటుతూ కారెక్కి, ఎడంచేత్తో స్టీరింగు తిప్పుకుంటూ, గేటుకి రాసుకుంటూ వెళ్ళాడు. మెరిసే చక్రం అంచున జానెడు గీత పడింది.

"ఎలా తెలిసింది అక్కా?"

"ఇరవై టక్కులకి పదిహేనే వినబడ్డాయి." ఆవిడ గుడ్డ అందుకుంది. "ఇంకెప్పుడూ అలా చేయకు. వాడికోసం నువ్వు హంతకుడివైతే నేను ఎవరింటికి రావాలిరా?"

తమ్ముడు బావురుమన్నాడు. ఆవిడ పానా తుడిచి మేకుకి తగిలించింది.

"నేల మీద మందు ఆరిపోతోంది" అంది. "నీళ్ళు పట్టు."