సంతకం లేని నాలుగు వరసలు

చుట్టుపక్కల దీవుల క్లినిక్‌ల ఫోన్లన్నీ మా పెద్దాసుపత్రి గదిలోని ఒక్క రౌటరు మీదే నడుస్తాయి. ఏ లైను ఏ దారిన పోవాలో రాసిన జాబితాలు దానికి రెండు. ఒకటి ఇప్పుడు నడుస్తున్నది, కరెంటు పోతే చెరిగిపోతుంది. రెండోది లోపల భద్రపరిచింది, ఎన్నిసార్లు ఆపినా అదే తిరిగొస్తుంది.

తుపానుకు టవరు కూలినప్పుడు తూర్పు దీవి క్లినిక్ లైనును రేవు యాంటెన్నా మీదుగా తిప్పింది నేనే. నడుస్తున్న జాబితాలో నాలుగు వరసలు రాశాను, అంతే. అక్కడి నర్సు అసినతే సంతోషం పట్టలేక మరుసటి పడవలో ఎండుచేపలు పంపింది.

ఆ వరసలు భద్రపరచాలంటే మా పైఅధికారి కెలెపి సంతకం కావాలి. కాగితం ఆయన బల్ల మీద ఐదు నెలలు పడి ఉంది. రౌటరుకు 'ఆపొద్దు' అని చీటీ అంటించి రోజులు నెట్టుకొచ్చాను.

ఇంతలో తనిఖీ అన్నారు. కెలెపికి ఎక్కడలేని చురుకు పుట్టింది. రెండు జాబితాలూ కలిపేయమన్నాడు. తేడా వచ్చిన చోట సంతకమున్నదే ఉంచాలట. క్లినిక్ లైను పోతుందని చెప్పాను.

"సంతకం లేనిది లేనట్టేనయ్యా ఎరోనీ."

"పెట్టాల్సింది మీరే కదా సార్?"

"నాకు పాఠాలు చెప్పకు. నొక్కు."

నొక్కాను. పదిన్నరకు లైను పోయింది. ఆయన వెళ్లాక ఆ నాలుగు వరసలు మళ్లీ రాయడానికి రెండు నిమిషాలు చాలు. రాయలేదు. ఒళ్లు మండిపోతోంది నాకు. క్లినిక్ నుంచి ఫిర్యాదు రానీ, పైవాళ్లు నిలబెట్టి అడగనీ, అప్పుడు తిక్క కుదురుతుంది అనుకున్నాను. మధ్యాహ్నం చేపల కూరతో కర్రపెండలం తృప్తిగా తిన్నాను. ఫోను మోగలేదు. ఆ ఫిర్యాదు కూడా ఆ లైను మీదే రావాలని నాకు తట్టలేదు. లైన్లు చూడడమే నా ఉద్యోగం.

ఐదింటికి అసినతే తడిబట్టలతో నా గదికి వచ్చింది. రక్తం ఆగని బాలింతను ఫైబరు పడవలో తెచ్చిందట. ఆ అమ్మాయి ప్రాణం దారిలోనే పోయింది.

"పదకొండు నుంచీ డాక్టరుగారికి చేస్తూనే ఉన్నాను తమ్ముడూ. మోగనైనా మోగలేదు. ఏమైంది?"

"కెలెపి సార్ సంతకం పెట్టలేదక్కా" అన్నాను. అదీ నిజమే.

చీకటి పడకముందే ఆయన పాత తేదీ వేసి సంతకం పెట్టాడు. వరసలు రాసి భద్రపరిచాను. ఇక కరెంటు పోయినా అవి చెరగవు.

తర్వాతి పడవలో అసినతే నాకు మళ్లీ ఎండుచేపలు పంపింది.