వెనక చూసే మనిషి

“దుర్గా, మట్ట!”

సుబ్బాయమ్మ చక్రం తిప్పుతూనే అరిచింది. దుర్గకి వినపడలేదు. రెండు చేతుల్లోంచి రెండు పీచుపోగులు వదులుతూ, చక్రం వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉంది. చెవుల్లో తెల్లటి వైర్లు. మడమకి కొబ్బరిమట్ట తగిలాక గానీ ఆగలేదు. తూలి, నిలదొక్కుకుని, కాలితో మట్టని పక్కకి తోసి మళ్ళీ నడక సాగించింది. ఐదో నెల. నడుముకి కట్టుకున్న పీచుమూటతో పొట్ట ఇంకా ఎత్తుగా కనబడుతోంది.



తాడు పేనే పని అలాంటిది. ఒకరు కూర్చుని చక్రం తిప్పాలి. ఒకరు పోగులు పట్టుకుని, తోట చివర నీళ్ళబోదె దాకా యాభై అడుగులు వెనక్కి నడవాలి. నడిచే మనిషికి వీపున కళ్ళుండవు కదా, ఆ కళ్ళు చక్రం దగ్గర కూర్చున్న మనిషివే. పదహారో ఏట ఈ ముక్తేశ్వరం తోటలో కూర్చున్న దగ్గర్నుంచీ సుబ్బాయమ్మ చేస్తున్నది అదే. కుడిభుజం ఎడమదానికన్నా వేలెడు కిందికి దిగిపోయింది. అరచేతి గీతలన్నీ చక్రం పిడి తినేసింది. కూర్చునే చోట మడతేసి పరుచుకునే నేరేడుపండు రంగు నేతచీర కూడా పాతబడిపోయింది.

దుర్గకి ముందు నడిచిన మనిషి రూతు. ఇరవయ్యేళ్ళు ఎదురెదురుగా మాట్లాడుకున్నారు. రహస్యాలన్నీ చక్రం దగ్గరున్నప్పుడే. దూరం పెరిగేకొద్దీ ఊరందరికీ తెలిసిన కబుర్లు. బోదె దగ్గరికి చేరాక కేకేసి చెప్పుకోవడానికి కూరలూ వానలూ మిగిలేవి. “రూతూ, గుంట” అన్న మాట కూడా ఆ కబుర్లలో కలిసిపోయేది. మోకాళ్ళు అరిగిపోయి రూతు మానేశాక దుర్గ వచ్చింది, ఫోనుతో.

రోజుకి ఎనిమిది గంటలు చూడటానికి ఎదురుగా ఉన్నది ఆ పిల్ల ముఖమే. మొదట్లో సుబ్బాయమ్మకి కోపం వచ్చేది. పోనుపోను వింతగా తోచింది. తొమ్మిదింటికి నవ్వుతుంది, తనలో తనే ఏదో అంటుంది. పదకొండు దాటాక నవ్వు పలచబడుతుంది. అన్నాల వేళకి ముఖం వాడిపోయి, ఎవరో ఏదో అన్నట్టు కనుబొమలు ముడిపడతాయి. అయినా వైరు తియ్యదు. పలకరిస్తే విసుక్కుంటుంది కూడా. సంతోషమివ్వని దాన్ని అంతసేపు ఎందుకు వింటుందో సుబ్బాయమ్మకి అంతుపట్టలేదు.

ఈవేళ తెలుసుకుని తీరాలి. ఇక రోజుల్లేవు. రేపు చక్రానికి మోటారు పెడుతున్నట్టు తోట యజమాని వీర్రాజు నిన్న సాయంత్రమే చెప్పేశాడు. మోటారుకి తిప్పే మనిషి అక్కర్లేదు. ఆ సంగతి దుర్గకి ఇంకా తెలియదు.

అన్నాల దగ్గర కూర్చోగానే సుబ్బాయమ్మ చెయ్యి చాచింది. “ఓ చెవిది నాకియ్యవే. మీ ఆయన అంతసేపు ఏం చెబుతున్నాడో నేనూ వింటాను.”

“మా ఆయనేటండీ బాబూ! ఆయన రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప. ఇది మెర్సీ అక్క లైవండి.”

చెవిలో ఎవరో ఆడమనిషి గొంతు. కూర తరుగుతున్నట్టుంది. మధ్యమధ్యలో పేర్లు చదువుతోంది. సలోమి గారూ హాయ్ అండీ. రాజ్‌కుమార్ తమ్ముడూ, తిన్నావా.

“ఏ ఊరమ్మా ఈవిడది?”

“తెలీదండి.”

“నువ్వెవరో ఆవిడకి తెల్సా?”

దుర్గ అన్నం కలుపుతూ అంది. “పోగు అయినప్పుడల్లా ఓ మెసేజి పెడతానండి. పొద్దున్నుంచీ నాలుగు పెట్టేను. మొన్నోసారి చదివేరు. దుర్గా, బాగున్నావా తల్లీ అన్నారు. ఈవేళ ఇంకా చదవలేదు.”

ముఖం వాడేది ఇందుకా! సుబ్బాయమ్మకి నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది.

“నేను రోజుకి వందసార్లు పిలుత్తన్నాను గదే నీ పేరు! దానికి పలకవు.”

“మీరు పిలిత్తే గుంటయినా ఉంటది, మట్టయినా ఉంటదండి పిన్నిగారూ,” అంది దుర్గ తలెత్తకుండా. “ఆవిడ ఊరికే పిలుత్తారు.”



మధ్యాహ్నం మళ్ళీ చక్రం మొదలైంది. దుర్గ ఒక వైరే పెట్టుకుంది. రెండోది భుజం మీద వేలాడుతోంది. ఇరవై అడుగులు పోయాక సుబ్బాయమ్మ పిలిచింది.

“దుర్గా!”

ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి చూసింది. శుభ్రమైన నేల. “ఏటండీ?”

“ఏం లేదే. ఊరికే.”

అర్థంకానట్టు చూసి, పోగులు వదులైపోయేంతగా నవ్వింది దుర్గ. “సరిపోయిందండీ మీతో!”

రెండోసారి పిలిస్తే, “ఊరికేనాండీ?” అని తనే అడిగింది. మధ్యాహ్నం మూడు దాటినా ముఖం వాడలేదు. సుబ్బాయమ్మకి ఇదేదో కొత్తపని నేర్చుకుంటున్నట్టుంది. మళ్ళీ పిలిచింది. ఈసారి దుర్గ వెనక బోదె ఉంది.

“దుర్గా!”

దుర్గ నవ్వుతూ నడుస్తూనే ఉంది.

“ఊరికే కాదే!”

మడమ అంచున ఆగింది. మట్టిపెళ్ళ ఒకటి విరిగి నీళ్ళలో పడింది.

దుర్గ చక్రం దగ్గరికి తిరిగొచ్చింది. అప్పుడు చెప్పింది సుబ్బాయమ్మ. “రేపట్నుంచి మోటారంటమ్మా. నేను రాజోలు ఎల్తన్నాను, మా తమ్ముడింటికి.”

దుర్గ చెవిలోది తీసేసింది. “మరి నా వెనక ఎవరు చూత్తారండీ?”

సుబ్బాయమ్మ మళ్ళీ చక్రం పిడి పట్టుకుంది. సాయంత్రం ఎప్పటిలా కలిసి బయల్దేరలేదు. “నువ్వు పద. తోట ఊడ్చి వత్తాను,” అంది సుబ్బాయమ్మ.

తెల్లవారి ఆమె రాజోలు బస్సెక్కిన వేళకి తోటలో మోటారు రొద మొదలైంది. చెవులు తెరుచుకున్నా మూసుకున్నా ఒకటే. దుర్గ రెండు వైర్లూ పెట్టుకుని, పోగులు వదులుతూ వెనక్కి నడిచింది. నలభై అడుగులు దాటాక నడుముకి ఏదో మెత్తగా తగిలింది. ఆగి, తిరిగి చూసింది.

బోదెకి ఇవతల, రెండు కొబ్బరిచెట్ల మధ్య అడ్డంగా బిగించి కట్టి ఉంది నేరేడుపండు రంగు పాత నేతచీర. ఆమె నడుము ఆనినచోట చిన్న లొత్త పడి, మెల్లమెల్లగా మళ్ళీ సమానమవుతోంది.