పాస్‌వర్డు లేని వరండా

నేను ఒక వైఫై రౌటర్‌ని. మా వీధిలో ఒక మనిషిని చంపిన అబద్ధం నాలోంచే బయటికి వెళ్లిందని ఇంటివాళ్లకు తెలిసేటప్పటికి, నా కింద మెట్ల మీద అతని నెత్తుటి మరక ఇంకా పోలేదు.

అరచెయ్యంత నల్ల పెట్టెను. రెండు కొమ్ములు, నాలుగు దీపాలు. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి నా మొహం కూడా చూడలేదు, గోడ గడియారం చూస్తూనే స్క్రూలు తిప్పింది. మొదట ఒక లాడ్జి మేనేజరు చేతిలో పడ్డాను. ఆయన లెక్కలో లోకమంతా దొంగలే. రోజుకో పాస్‌వర్డు పెట్టేవాడు, పెట్టి తనే మరిచిపోయేవాడు, మరిచిపోయి నన్ను కొట్టేవాడు. తమ మతిమరుపుకు మనుషులు యంత్రాలను కొడతారని అక్కడే నేర్చుకున్నాను. లాడ్జి మూతపడ్డాక కేబుల్ అప్పన్న నన్ను సంచిలో వేసుకుని, బెల్లం మార్కెట్ వెనక వీధిలో కాండ్రేగుల నూకరాజు ఇంటికి తెచ్చాడు.

నూకరాజు మార్కెట్లో బెల్లం దిమ్మలు తూచే కాటా మనిషి. ఇంటి వరండాలో ఏడాది పొడుగునా రెండు కుండలు పెట్టి చలివేంద్రం నడిపేవాడు. దారిన పోయే కూలీలు, కూరలమ్మేవాళ్లు అక్కడ ఆగేవాళ్లు. నన్నూ ఆ కుండల పైనే గోడకు కొట్టించాడు.

"పాస్‌వర్డేటి పెట్టమంతావు మావా?" అన్నాడు అప్పన్న.

"కుండకి తాళమేస్తానేట్రా? దీనికీ ఒద్దు."

ఆయన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఇంట్లో టీవీకి తప్ప నాతో ఆయనకు పనే లేదు. మిగతా నేనంతా వీధిదే.

దీనికి అభ్యంతరం చెప్పినవాడు ఒక్కడే. ఎదురింటి మేడ మీద అద్దెకుండే సోమేశ్వరరావు. వకీలు గారి దగ్గర ఇరవై ఏళ్లుగా గుమాస్తా. కోర్టుకు వెళ్తూ వెళ్తూ మా వరండా ముందు ఆగి చెప్పేవాడు.

"నూకరాజూ, ఇవి మంచినీళ్లు కాదయ్యా. కనెక్షను నీ పేరు మీద ఉంది. రేపెవడో దీన్లోంచి ఒకణ్ని బెదిరిస్తాడు. పోలీసులు బిల్లు మీద పేరు చూసుకుని నీ మెట్లే ఎక్కుతారు. చేసినవాడి సంగతి తర్వాత, ముందు నిన్ను లాక్కుపోతారు."

"నీల్లు తాగీసి కుండలో ఉమ్మేసీవోడు ఉంతాడేటి బాబూ?"

"ఉంటాడు."

అలా చెప్పిన మనిషి సాయంత్రం మేడెక్కగానే ఆయన ఫోను వచ్చి నన్నే పట్టుకునేది. ఆయనదే కాదు, అటు నాలుగిళ్లవీ, ఇటు నాలుగిళ్లవీ. నన్ను వాడుకుంటానని అడిగినవాడు వీధి మొత్తంలో ఒక్కడే, ఎర్రయ్య.

ఎర్రయ్య సాన పట్టేవాడు. స్టాండు వేసిన సైకిలు తొక్కుతూ రాయి తిప్పి, కత్తులూ కత్తెరలూ కత్తిపీటలూ పదును పెట్టేవాడు. మొదటి రోజు నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, నూకరాజు భార్య పాపయ్యమ్మను అడిగాడు.

"అమ్మా, ఈ నెట్టు ఓపాలి వాడుకోవచ్చేటి? ఊర్లో మా పాపని సూసుకుంతాను."

"నీల్లు తాగినప్పుడు అడిగినావేటి? సూసుకో."

ఆ తర్వాత వారానికి రెండు మధ్యాహ్నాలు ఎర్రయ్య నా కింద మెట్టు మీద కూర్చునేవాడు. బొబ్బిలి దగ్గర ఏదో పల్లెలో ముందు పళ్లు ఊడిన ఒక పిల్ల అతని ఫోనులో నవ్వేది. నేను మోసిన వాటిలో బరువైనదీ, తేలికైనదీ ఆ నవ్వే.

కోర్టు సెలవుల్లో ఒక రోజున సానరాయి కీచుమంటుంటే గుమాస్తా బాల్కనీలోకి వచ్చి అరిచాడు.

"ఒరేయ్! ఆ గోల ఆపుతావా, లోపలేయించమంటావా?"

ఎర్రయ్య కాలు ఆపి, తల పైకెత్తాడు. "ఆపీసినాను బాబూ. మీ నాలిక్కున్న పదును ఈ కత్తుల్లో ఒక్కదానిక్కూడా నేదు. ఎక్కడ సాన పట్టించినారో సెప్తే నానూ ఆడికే ఎల్తాను."

కత్తిపీటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గుమాస్తా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు, అప్పుడు నాకు తగులుకుని ఉన్న తొమ్మిది ఫోన్లలో ఒకటి ఏదో పంపింది. నాలోంచి వెళ్లేవన్నీ అంటించిన కవర్లే, లోపలేముందో నాకు కనబడదు. ఎవరి ఫోను పంపిందో మాత్రం తెలుసు. పావుగంటలో అదే కవరు మిగతా ఎనిమిది ఫోన్లకూ తిరిగి వచ్చింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. పక్క వీధివాళ్లూ వచ్చారు. ప్రతి చేతిలోనూ ఒక ఫోను, ప్రతి ఫోనులోనూ ఎర్రయ్య ఫొటో. దాని కింద రాసిన మాట ఒకడు గట్టిగా చదివితే అప్పుడు విన్నాను. 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు మన వీధిలోనే ఉన్నాడు.'

ఎర్రయ్య అప్పుడే నీళ్లు తాగి మెట్టు మీద కూర్చున్నాడు.

మొదటి దెబ్బ సైకిలు పంపుతో పడింది. అతను గ్లాసు వదల్లేదు, ఎందుకు కొట్టారో అర్థం కాక చుట్టూ చూశాడు. రెండోది చెవి మీద. ఎవడో సంచి లాగి కింద కుమ్మరించాడు.

"కత్తుల్రా! సంచి నిండా కత్తులే!"

సాన పట్టేవాడి సంచిలో కత్తులు కాక ఇంకేముంటాయి? అవన్నీ పొద్దున ఆ ఇళ్లవాళ్లు ఇచ్చినవే. కానీ ఆ మాటతో ముప్పై మంది మీద పడ్డారు. కర్రలు, రాళ్లు, చెప్పులు. ఒకడు ఇటుక రెండు చేతులతో ఎత్తి అతని మోకాలి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు మీటరు ఎత్తులో ఉన్న నాకు వినబడింది. పాపయ్యమ్మ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది.

"ఆ కత్తిపీట నాదిరా! నానే ఇచ్చినాన్రా! ఒగ్గీండ్రా బాబూ!"

ఎవరో ఆమెను తోశారు. కుండ పగిలింది. నీళ్లు ఎర్రగా మెట్లు దిగాయి. జనం ఎటువాళ్లు అటు పోయాక, అతని జేబులో ఫోను ఇంకా నన్ను పట్టుకునే ఉంది. మధ్యాహ్నానికి ఎర్రయ్య ఆసుపత్రిలో పోయాడని కబురొచ్చింది.

ఎర్రయ్య పోయిన నాలుగో నాడు ఎస్సై వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"నూకరాజంటే నువ్వేనా? ఆ పోస్టు నీ కనెక్షన్లోంచి వెళ్లింది."

"నాకున్నది బటన్ల ఫోను బాబూ. ఆ టైముకి నాను కాటా దగ్గరున్నాను..."

చెంప మీద పడ్డ దెబ్బకు నూకరాజు గోడకు తగిలాడు. నా కొమ్ములు ఊగాయి. లాఠీ మోకాళ్ల వెనక పడింది. రోజంతా స్టేషన్లో ఉంచి, మార్కెట్ వాళ్లు వచ్చి చెబితే, సాయంత్రం వదిలారు. నడవలేక కూర్చుని మెట్లెక్కాడు. వెంట వచ్చిన ఎస్సై నన్ను వేలెత్తి చూపించాడు.

"రేపు మా కంప్యూటర్ మనిషి వస్తాడు. ఏయే ఫోన్లు వాడాయో దీన్లో ఉంటుంది. అందాకా ఎవరూ కదపొద్దు. ఎవడి పేరూ దొరక్కపోతే నీ పేరుంది, గుర్తుపెట్టుకో."

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు గుమాస్తా వచ్చాడు. మెట్టెక్కుతుండగానే ఆయన జేబులోని ఫోను అలవాటు చొప్పున నన్ను అందుకుంది.

"పాపయ్యమ్మా, ఈ పెట్టె మీ ఆయన మీద సాక్ష్యం. మా వకీలు గారికి చూపిస్తాను, ఇటివ్వు."

"కదపొద్దన్నారు కదండీ."

"చట్టం నీకు తెలుసా, నాకు తెలుసా?"

నన్ను మేకులతో సహా పెరికాడు. తీగ తెగింది, దీపాలు ఆరిపోయాయి. నన్ను చేత పట్టుకుని మెట్ల వైపు తిరిగాడు.

అప్పుడే వీధి మలుపులోంచి ఎర్రయ్య తమ్ముడు తవిటయ్య వచ్చాడు. చేతిలో చెరకు నరికే కత్తి. వరండాలో గోడకు జారగిలబడిన నూకరాజును చూశాడు.

"నూకరాజంటే నువ్వేనట్రా? నీ ఇంటికాడ్నించేనా మా అన్నని సంపమని రాసినారు?"

జవాబు కోసం ఆగలేదు. కత్తి నూకరాజు భుజంలో దిగింది. పాపయ్యమ్మ అడ్డంగా పడి మొగుణ్ని కప్పేసింది. "ముందల నన్ను నరుకు! మీ అన్నకి నా సేత్తో నీల్లిచ్చినాన్రా!"

గుమాస్తా మూడు మెట్లు దిగిపోయాడు. ఇంకో నాలుగు అడుగులేస్తే ఎదురిల్లు. వెనక నుంచి నూకరాజు గొంతు వినబడింది. నెత్తురోడుతూ అంటున్నాడు.

"గుమాస్తాగారూ, మీరు ఎల్లిపోండి బాబూ. మీకేటీ సంబంధం నేదు. దెబ్బ తగిలీగల్దు."

ఆయన ఆగిపోయాడు. తవిటయ్య కత్తి మళ్లీ లేచింది. గుమాస్తా వెనక్కి పరిగెత్తి నన్ను అడ్డం పెట్టాడు. వేటుకు నేను రెండు ముక్కలయ్యాను. ఆయన బొటనవేలు కూడా తెగింది. అయినా ఆ చెయ్యి దించలేదు.

"ఆపు! ఆ ఫొటో తీసింది నేను. మా బాల్కనీలోంచి. కింద మాట రాసింది కూడా నేనే. మీ అన్న నన్నో మాటంటే ఆడాళ్లు నవ్వారు, అంతే, ఇంకేం లేదు. నాలుగు తగిలించి తరిమేస్తారనుకున్నాను. కాదు, అదీ అబద్ధమే. మొదటి దెబ్బ పడ్డప్పుడు నేను పైనే నిలబడి చూస్తున్నాను. దిగి వచ్చి ఒక్క మాట చెబితే ఆగేవాళ్లు. దిగలేదు. ఈయనకు ఫోన్లో ఫొటో చూడ్డం కూడా రాదు అబ్బాయీ. నా ఫోన్లో నెట్టు లేక ఈయనది వాడలేదు. ఉంది, బోలెడుంది. పోలీసులొస్తే ఈయన గుమ్మానికి వస్తారని తెలిసే వాడాను."