పండగ చూడ్డానికి

కుక్కరు కూతకీ కూతకీ మధ్య బిందుమాధవి గుర్రాలకు గడ్డి వేస్తుంది. నవ్వకండి, నిజంగానే వేస్తుంది. పోపులడబ్బాకు ఫోను ఆనించి, పిండి అంటని వేలితో ఒక్కో గుర్రాన్నీ తాకి, ముందు గడ్డి, తర్వాత నీళ్లు, ఆనక ఒళ్లు తోమే బ్రష్షు. ఫోనులో ఆడే ఆట అది. లోకంలో ఉన్న గుర్రం జాతులన్నీ అందులో ఉన్నాయి. పిల్లను తెచ్చుకుని పెంచాలి, మచ్చిక చేసుకోవాలి, తన దగ్గర లేని రంగు కావాలంటే ఏ దేశంలోనో ఉన్న మనిషితో మార్పిడి చేసుకోవాలి. అత్తగారి కంటి ఆపరేషనుకని ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో ఏదో ప్రకటన వస్తే ఊసుపోక నొక్కింది. అత్తగారి కన్ను బాగుపడింది, కోడలి గుర్రాలు నూటనలభై దాటాయి.

పేర్లు పెట్టడంలో ఆమె దారి ఆమెది. చిన్నప్పటి నుంచీ బస్సు కండక్టర్ల నోట విన్న ఊళ్లన్నీ గుర్రాలయ్యాయి. ఎర్రమట్టి రంగు ఆడగుర్రం ఎలమంచిలి. ఎంత బుజ్జగించినా మాట వినని మొండిది కోటవురట్ల. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకే మార్వాడీ గుర్రం తుమ్మపాల. ఆటలో ఆమె పేరు మాత్రం కశింకోట, అంటే పుట్టిల్లు. బ్రెజిల్లో ఒకావిడ రోజూ "కశింకోటా, బాగున్నావా" అని పలకరిస్తుంది. కశింకోట అనేది చెరకు పొలాలూ షేర్ ఆటోలూ ఉన్న ఊరని ఆవిడకు తెలియదు. మంచి గుర్రాలున్న మనిషనే తెలుసు.

భర్త ఈశ్వరరావు డిగ్రీ కాలేజీలో కామర్సు చెబుతాడు. చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. ఆ రెండూ చెయ్యనందుకే వీధిలో సగం మంది ఆమెను అదృష్టవంతురాలంటారు. "ఏటి, ఎలమంచిలికి మేతయ్యిందా? మరి నాకు టిఫినెప్పుడు?" అంటాడు పొద్దున్నే పేపరు మడుస్తూ. ఒకసారి వచ్చిన స్నేహితుల ముందు కూడా అన్నాడు, "ఇంట్లో చాకిరీ చాల్లేదు మా ఆవిడకి, ఫోన్లోన కూడా చాకిరీయే" అని. అందరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి, ఎందుకు నవ్వానా అని చాలాసేపు తనను తాను తిట్టుకుంది.

చాకిరీయే, కాదని ఆమె అనదు. కానీ అక్కడ గుర్రాన్ని తోమితే దాని జూలు మెరుస్తుంది, పక్కనే పచ్చగీత ఒకటి పొడుగవుతుంది, నువ్వు చేశావు అని కళ్లెదుట కనబడుతుంది. ఇక్కడ తోమిన గిన్నె మళ్లీ అంట్లగిన్నె అవడానికే తోమించుకుంటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏ గిన్నె పక్కనా ఏ గీతా పెరగలేదు. తోమకపోతే మాత్రం ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. ఆమె టీచరుగా చేసే స్కూల్లోనూ అదే వరస. నర్సరీ పిల్లలకు ముక్కు తుడవడం దగ్గర్నుంచి అక్షరాలు దిద్దించడం దాకా ఆమే చెయ్యాలి, వార్షికోత్సవం వచ్చేసరికి కరస్పాండెంటు "లేడీ టీచర్లు ట్రేలు పట్టుకోండమ్మా" అంటాడు. వేదిక మీద కూర్చునేది మగ టీచర్లు. దండల ట్రేతో పక్కన నిలబడి ఆమె చూసింది పిల్లల డాన్సు కాదు, డాన్సు చేస్తున్న పిల్లల వీపులు. ఉగాదికి ముందొచ్చే కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర చూడాలని ఎక్కడెక్కడి నుంచో జనం రైళ్లెక్కి అనకాపల్లి వస్తారు. వచ్చినవాళ్లలో కొంతమంది బిందుమాధవి ఇంట్లోనే దిగుతారు కాబట్టి ఆమె జాతర చూడలేదు. అత్తగారు సోమాలమ్మయితే తన కాలంలో అసలు చూడలేదు. "నాను ఈ ఇంటికొచ్చిన కాడ్నించీ జాతరకని గడప దాటలేదు. వచ్చినోల్లకి ఒండడమే సరిపోయేది" అని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకుంటుంది. ఆ గొప్ప విన్నప్పుడల్లా బిందుమాధవికి ఏడుపు వస్తుంది.

ఇలా ఉండగా వీధిలో కళల పండగ ఒకటి వచ్చింది. బెల్లం మార్కెట్టు వెనక మూతపడిన గోడౌను ఒకటి ఖాళీగా ఉంటే, దాని యజమానిని ఒప్పించి, చిత్రకారుల్నీ బొమ్మలు చేసేవాళ్లనూ తప్పెటగుళ్ల దళాన్నీ పిలిచి మూడురోజులు సందడి చేద్దామన్నారు ఈశ్వరరావూ, ఆయన స్నేహితులూ. మంచి ఆలోచనే. ఆఖరి రోజు ఆదివారం గోడౌను లోపలి గోడలు వీధివాళ్లవి. పేరు ఇచ్చినవాళ్లకు తలా ఒక గోడముక్క, నచ్చిన బొమ్మ వేసుకోవచ్చు. రంగులు వాళ్లే ఇస్తారు, ఎలా వెయ్యాలో విశాఖపట్నం నుంచి వచ్చే పావని అనే చిత్రకారిణి చూపిస్తుంది. ఇంటింటికీ పంచిన కాగితం మీద పావని నంబరు చూసి బిందుమాధవి స్వయంగా ఫోను చేసి పేరు ఇచ్చింది. "ఏం వేస్తారండీ" అని పావని అడిగితే "గుర్రం" అని తడుముకోకుండా చెప్పింది.

ఈశ్వరరావూ పండగ కమిటీలోని స్నేహితులూ ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నది ఆ మర్నాడే. ఆమె టీలు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి భోజనాల మాట నడుస్తోంది. "ఆదివారం మధ్యాహ్నం ఆర్టిస్టులూ మనమూ కలిపి పదిహేనుమందిమి. హోటలు కూడెందుకురా, మా ఇంట్లో పెట్టేత్తాను. మా ఆవిడకదో లెక్క కాదు" అన్నాడు ఈశ్వరరావు. ఎంత ప్రేమగా అన్నాడంటే, కొత్తవాళ్లెవరైనా వింటే వండేది ఆయనేననుకుంటారు. ఆమె ట్రే తిప్పి అందరికీ టీలు అందించింది. ట్రేలు పట్టుకోవడం ఆమెకు బాగా అలవాటు.

వాళ్లు వెళ్లిపోయాక చెప్పింది. "ఆదివారం నేను వండనండీ. గోడ మీద బొమ్మెయ్యడానికి పేరిచ్చేను."

ఈశ్వరరావు హాయిగా నవ్వాడు. "ఏటేత్తావు, గుర్రమా?"

"అవును, గుర్రమే."

అంతే, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వుకుంటూనే స్నానానికి వెళ్తూ, "పనసపొట్టు కూర మరిచిపోకు, వైజాగోల్లకి అలాటిది దొరకదు" అన్నాడు. శనివారం సాయంత్రం మళ్లీ చెప్పింది, ఇంకా స్పష్టంగా. ఆయన ఫోనులో ఎవరికో షామియానా సంగతి చెబుతూ, సరేసరే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక చెప్పకూడదనుకుంది. రెండుసార్లు చెబితే అది చెప్పడం, మూడోసారి చెబితే అడగడం అవుతుంది. ఆమె అడగడం లేదు.

ఆదివారం ఆయన చీకటుండగానే పండగ పనులకు వెళ్లిపోయాడు. బిందుమాధవి అత్తగారికి అన్నం వండి, చారు పెట్టి, బీరకాయ వేపుడు చేసి మూతలు పెట్టింది. షుగరు మనిషి, వేళకు తినాలి. ఆవిడ మీద ఆమెకు కోపం లేదు. చీర మార్చుకుని వచ్చేసరికి సోమాలమ్మ వంటింటి గడపలో నిలబడి చిన్న గిన్నెల వంక చూస్తోంది.

"పదిహేనుమందికని సెప్పేడు కదే ఆడు. ఇదేటి, నా ఒక్కదానికే ఒండేవు?"

"నేను పండక్కెళ్తన్నానత్తా."

"ఏ పనికి?"

"పనికి కాదు. చూడ్డానికి."

సోమాలమ్మ ఒక్కో గిన్నె మూతా తీసి చూసి మళ్లీ పెట్టింది. తిడుతుందేమోనని బిందుమాధవి చెప్పులు వేసుకోకుండా ఆగింది. చివరికి ఆవిడ "గొడుగట్టికెల్లు, ఎండగున్నాది" అని లోపలికి వెళ్లిపోయింది. కొడుక్కి ఫోను చెయ్యగలిగీ చెయ్యలేదన్న సంగతి బిందుమాధవికి తర్వాతెప్పుడో తెలిసింది.

గోడౌనులో అడుగు పెట్టగానే బెల్లం వాసన. మూతపడి ఏళ్లయినా గోడల్లోంచి ఆ వాసన పోలేదు. బయట తప్పెటగుళ్ల వాళ్లు గజ్జెలు కట్టుకుని గుండెల మీద రేకుతప్పెట్లు వాయిస్తూ గెంతుతున్నారు. ఆమె వెళ్లి ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. అక్కణ్నుంచి ఆడేవాళ్ల ముఖాలు కనబడతాయని, అవి చెమటతో తడిసి అంత ఆనందంగా ఉంటాయని ఇన్నేళ్లూ తెలియనే తెలియదు. ఏటికొప్పాక నుంచి వచ్చిన ఆయన తిరుగుతున్న కర్రకు లక్క అద్దుతుంటే అది పసుపెక్కి, ఎరుపెక్కి, బొంగరం అవుతోంది. అది పూర్తయ్యేదాకా నిలబడి చూసింది, ఇంకొకటి మొదలుపెడితే అదీ చూసింది. పుల్ల ఐస్‌క్రీము కొనుక్కుని, చేతి మీద కారుతుంటే నాక్కుంటూ తింది. "ఏమే" అనీ "మేడం" అనీ ఎవరూ పిలవలేదు. ఎంత సుఖంగా ఉందో చెప్పలేం. ఇది తెలియకుండా చచ్చిపోయి ఉంటే ఎంత అన్యాయమయ్యేది అనుకుంది.

ఆమెకిచ్చిన గోడముక్క కిటికీ పక్కన ఉంది. పావని, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అమ్మాయి, సున్నం మీద బొగ్గుతో గీత ఎలా గీయాలో చూపించింది. బిందుమాధవి మెడ గీసింది, వీపు గీసింది. అంతా బాగానే వచ్చింది కానీ ముందు కాలు పొట్టిదైపోయి గుర్రం కుంటుతున్నట్టుంది. తుడిపితే మసి అయింది. కాసేపు చూసి, ఆ కాలిని మోకాలి దగ్గర మడిచేసింది. గుర్రం అడుగు వెయ్యబోతున్నట్టయింది.

"మీరు గుర్రాల్ని బాగా చూసినట్టున్నారండీ" అంది పావని.

"నా దగ్గరున్నాయమ్మా."

"నిజంగానా? ఎన్ని?"

"నూటనలభై పైనే."

పావని కళ్లు పెద్దవి చేసింది. ఫోనులో అని చెప్పాక ఇద్దరూ విరగబడి నవ్వారు. ఈ నవ్వుకు తర్వాత తిట్టుకోవలసిన పని లేదు. ఆమె బూడిదరంగు కలుపుకుని, ఒంటి మీద తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే పెట్టసాగింది. గోడలోని తీపికి చీమలు బారులు కట్టి తడిరంగు మీదికి వస్తున్నాయి. వాటిని ఊదుకుంటూ పెట్టింది.

ఎండ కిటికీలోంచి జరిగి నేల మీదికి వచ్చేసరికి ఆమె చేతులకు వంటవేళ గుర్తొచ్చింది. ఇప్పుడు బయల్దేరితే అన్నం ఒక పొయ్యి మీద, పప్పు ఒక పొయ్యి మీద, పచ్చడి సీసాలో ఉంది, అప్పడాలు వేయించేస్తే ఎలాగో గట్టెక్కిపోవచ్చు. అక్కరలేదని మనసు అంటున్నా బుర్ర తనంతట తానే వండేస్తోంది. ఎవరూ తరమడం లేదు, ఎవరూ పిలవలేదు, అయినా కాళ్లు గుమ్మం వైపు లాగుతున్నాయి. అందుకు ఆమెకు భర్త మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. కుంచె కడిగి, నల్లరంగులో ముంచి, జూలు మొదలుపెట్టింది.

భోజనాల వేళకు ఈశ్వరరావు వచ్చాడు. వెనక కళాకారులూ కమిటీవాళ్లూ చేతులు కడుక్కుని, ఆకలి మీద ఉన్నారు. సభల్లో ఉండే నవ్వే ఆయన ముఖం మీద ఉంది కానీ, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇంటికి ఫోన్ చేసేను. ఏటీ వండలేదంటంది అమ్మ."

"అత్తకి వండేనండీ."

"మరి వీళ్లకో?"

"వండనని చెప్పేను కదా. రెండుసార్లు చెప్పేను."

"నవ్వులాటకన్నావనుకున్నాను."

"నవ్వింది మీరు. నేను నవ్వలేదు."

మాట గట్టిగా అనలేదు. అయినా పక్కనున్నవాళ్లకు వినబడింది. పావని రంగుడబ్బా మూత బిగిస్తూ ఉండిపోయింది. కమిటీ పెద్దలు పైకప్పు రేకుల్ని పరిశీలించసాగారు. బిందుమాధవికి భయం వేసింది, వెయ్యలేదంటే అబద్ధం. ఈ మాటకు ఇంట్లో ఎన్నాళ్లు మౌనం నడుస్తుందో, ఏ చుట్టాల దగ్గర దీన్ని కథగా చెబుతారో ఆమెకు తెలుసు. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"మరిప్పుడు నన్నేటి చెయ్యమంటావు?" అన్నాడు ఈశ్వరరావు. మొదటిసారి ఆ గొంతులో హాస్యం లేదు. నిజంగానే ఏం చెయ్యాలో తెలియని మనిషి అడిగినట్టు అడిగాడు.

ఇలాంటి ప్రశ్నకు ఇన్నేళ్లూ ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుని వంటింట్లోకి నడవడమే జవాబు. ఇవాళ కుంచె తుడిచింది.

"స్టేషన్ రోడ్డు మెస్సులో ఆదివారం కూడా భోజనాలుంటాయి. ఫోన్ చేస్తే పంపుతారు."

ఆయన ఒక్క క్షణం ఆమెనూ, ఆమె వెనక ఉన్న గుర్రాన్నీ చూశాడు. ఫోను తీసి, పక్కవాళ్లను నంబరు అడిగి, కలిపాడు. "భోజనాలు కావాలండీ, గోడౌనుకి. పదిహేను" అంటున్నాడు.

"పదహారు చెప్పండి" అంది బిందుమాధవి గోడ వైపు తిరుగుతూ. "నాకూ ఆకలేత్తంది."