నత్త మెచ్చే డబ్బా

కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసే ఆమెకు ఆ ఊరు కొత్త. భర్త లిఫ్టు మెకానిక్కు. కంపెనీవాళ్ళు బదిలీ చేస్తే, ఎనిమిది నెలల క్రితం అత్తగారితో సహా ముగ్గురూ వచ్చి మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో దిగారు. భర్తకు పనిలో బోలెడు జనం. అత్తగారికి కిటికీ నిండా జనం. ఆమెకు మాత్రం రోజంతా అరగదీసే యంత్రం, దాని మీద సన్నగా కారే నీళ్ళ చప్పుడు, గాజు తలుపు అవతల పేరు తెలియని ముఖాలు. పలకరించే మనిషి లేక, ఆదివారాలు ఎలా గడపాలో తోచక, ఫోనులో ఉన్న దాగుడుమూతల ఆట ఒకటి పట్టుకుంది.

ఆట చిన్నదే. ఎవరో ఒకరు ఊళ్ళో ఏదో ఒక మూల చిన్న డబ్బా దాస్తారు. అందులో చుట్టిన కాగితం ముక్క ఉంటుంది. దాచిన చోటు ఫోను మ్యాపులో గుర్తు పెడతారు. మిగతావాళ్ళు వెతికి పట్టుకుని, ఆ కాగితం మీద పేరు రాసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టేసి, దొరికిందని ఫోనులో ఒక ముక్క రాస్తారు.

"దొరికితే ఏమొస్తుందమ్మా?" అని అడిగింది అత్తగారు.

"ఏమీ రాదత్తయ్యా. సంతకం పెట్టి వచ్చేస్తాం."

"ఆ భాగ్యానికి బ్యాంకుకెళ్ళినా సరిపోతుందిగా."

ఆటలో ఎవరికీ అసలు పేరుండదు. ఆమె తనకు ఉడత అని పెట్టుకుంది. వారం తిరక్కుండానే ఇంట్లో కూడా ఆ పేరే ఖాయమైపోయింది.

కొన్నాళ్ళు ఇతరులు దాచినవి వెతికి, తర్వాత తనే దాచడం మొదలుపెట్టింది ఉడత. చోట్లు పసిగట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. కాలవ మీది నడక వంతెన కింద, నీళ్ళ మీది ఎండ కాంక్రీటుకు ఎగబాకి వలలా ఆడే చోట ఒకటి పెట్టింది. కోత మిల్లు గోడ పక్కన, పచ్చి చెక్క వాసన గుప్పుమనే సందులో ఒకటి. మూతబడిన సినిమా హాలు వెనక, పిచ్చుకలు కాపురముండే ఇనప మెట్ల దగ్గర ఇంకొకటి. ఇలా ఏడు చోట్ల ఏడు.

డబ్బాల సంగతి మాత్రం ఆమె అంతగా పట్టించుకోలేదు. ఎవరు ఎత్తుకుపోయినా, కాలవలో పడి కొట్టుకుపోయినా మనసు చివుక్కుమనకుండా ఉండాలంటే డబ్బా చవగ్గా ఉండాలి. అత్తగారి మందు బిళ్ళల సీసాలు ఖాళీ అయితే చాలు, వాటిలో కాగితం చుట్టి పెట్టేసేది.

అంతలో వానలు మొదలయ్యాయి. ఒక సోమవారం మధ్యాహ్నం షాపులో అన్నం తింటుంటే ఫోను మోగింది. నత్త అనే పేరుతో ఎవరో రాశారు.

"వంతెన దగ్గరిది దొరికింది. కాగితం తడిసింది."

ఉడత పరుగున వెళ్ళి కాగితం మార్చి వచ్చింది. గురువారం మళ్ళీ వచ్చింది నత్త రాత. "మిల్లు దగ్గరిది దొరికింది. కాగితం తడిసి ముద్దయింది. గరిటెతో తియ్యాలి." ఆదివారం సినిమా హాలు వంతు. "మూత ఉంది. ఎందుకుందో దానికే తెలియాలి."

ఉడతకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం ఇంట్లో ఎవరి మీదో కోపం గిన్నెల మీద చూపించింది.

"ఎవరో ఏదో రాస్తే నువ్వెందుకు అంత ఇదైపోతావ్?" అన్నాడు భర్త.

"ఒక్కసారా రెండుసార్లా? నేను పెట్టినవన్నీ పనిగట్టుకుని తిరిగి వంకలు పెడుతున్నారు. చేతనైతే బాగుందని ఒక్క ముక్క రాయచ్చుగా."

"తడిసిందా లేదా?" అంది అత్తగారు.

"తడిసింది."

"మరి ఉన్నమాటంటే ఉలుకెందుకు?"

ఆ మాటతో ఉడత లేచి బాత్రూములోంచి బకెట్టు తెచ్చి హాలు మధ్యలో పెట్టింది.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఇంకు పెన్నుతో ఒక గీత గీసిన కాగితం డబ్బాలో పెట్టడం, రాయి కట్టి పొద్దున్నే బకెట్టులో ముంచడం, సాయంత్రం తీసి చూడడం. గీత చెదిరిందంటే డబ్బా ఓడినట్టే. తీర్పు చెప్పే పని అత్తగారు తనంతట తనే పుచ్చుకుంది. కుర్చీ బకెట్టు పక్కకు జరిపించుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరకు లాక్కుని, ఒక్కో కాగితం వెలుతురులో పెట్టి చూసేది.

మందు సీసాలు మొదటి రోజే నీరు తాగాయి. షాపులో కాంటాక్టు లెన్సులు వచ్చే బుల్లి డబ్బీలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి గానీ కాగితం పట్టలేదు. పాత ఫోటో స్టూడియో ఆయన అటక మీంచి దించి ఇచ్చిన ఫిల్ము డబ్బీలు నాలుగు గంటలు ఓర్చుకుని, ఐదో గంటకు లొంగిపోయాయి. భర్త లిఫ్టు గదిలోంచి గ్రీజు డబ్బా ఒకటి తెచ్చాడు. అందులోకి నీళ్ళు పోలేదు, నిజమే. కానీ ఎంత కడిగినా గ్రీజు వదలక గీతతో పాటు కాగితమే నల్లబడిపోయింది.

"ఇది గెలిచినట్టా ఓడినట్టా?" అన్నాడతను.

"పోటీలోంచి తీసేశాం," అంది అత్తగారు.

చివరకు అత్తగారి చక్కెర పరీక్ష పుల్లలు వచ్చే గొట్టం నిలబడింది. బొటనవేలితో టక్కున తెరుచుకునే మూత, వేలెడంత ఒళ్ళు. రెండు రోజులు ముంచినా గీత చెక్కుచెదరలేదు. ఉడత సంబరపడిపోయి, దాన్ని తీసుకెళ్ళి వంతెన కమ్మీ కింద ఇరికించి వచ్చింది. ఇక నత్త ఏమంటుందో చూద్దాం అనుకుంది.

నాలుగో రోజు నత్త రాసింది. "ఈసారి తడవలేదు. కమ్మీకి రాసుకుని మూత కాస్త తెరుచుకుంది. లోపల చీమలు కాపురం పెట్టాయి. పిల్లాపాపలతో బాగున్నాయి."

అది చదివి ఉడతకు ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. షాపులో యంత్రం ఆపేసి మరీ నవ్వింది. ఆ నవ్వు తగ్గకముందే జవాబు రాసేసింది. "అంత తెలిసినవారు మీరే ఒక డబ్బా చేసి చూపించండి."

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "ఆదివారం పదింటికి వంతెన దగ్గర."

ఆదివారం వాన లేదు. ఉడత పావుగంట ముందే వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడింది. వచ్చేది ఎవరో పొడుగాటి మనిషి, మొహం చిట్లించుకున్న మాస్టారులాంటి వాడు అయ్యుంటాడని ఆమె ఊహ. పది దాటాక వంతెన ఆ చివర నుంచి, కర్ర పోటు వేసుకుంటూ, మోకాలు నొప్పికి అడుగడుక్కీ ఆగుతూ, అరవయ్యేళ్ళకు దగ్గర పడిన పొట్టి మనిషి ఒకావిడ వచ్చింది. భుజాన గుడ్డ సంచి. ముక్కు మీద కళ్ళద్దాలు ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి.

"ఉడతవి నువ్వేనా అమ్మాయ్? నడక చూస్తే నీకు అర్థమయ్యుంటుంది, నేను నత్తని."

ఉడత వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయింది. "ముందు ఆ కళ్ళద్దాలు ఇలా ఇవ్వండి," అంది. తన హ్యాండుబ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, వదులైన మర బిగించి, కాడ వంపు సరిచేసి, చున్నీ అంచుతో తుడిచి ఇచ్చింది. ఆవిడ పెట్టుకుని కాలవ వైపు, ఆకాశం వైపు, ఉడత మొహం వైపు చూసింది.

"ఏడాదిగా లోకమే ఒరిగిందనుకుంటున్నాను," అంది.

ఇద్దరూ వంతెన మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ కూల్‌డ్రింకులు నింపే ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళుగా సీసాలు పరీక్షించే పని చేస్తోంది. కళ్ళ ముందు నుంచి సీసాలు వరసగా పోతుంటే, వంక ఉన్నదాన్ని పట్టి పక్కన పెట్టాలి.

"రోజంతా వంకలు పట్టే చెయ్యమ్మా ఇది. ఇంటికొచ్చినా ఊరుకోదు. కోపమొచ్చిందా?"

"వచ్చింది," అంది ఉడత.

"ఈ ఊళ్ళో దాచినవి వందదాకా చూశాను. ఏ స్తంభం వెనకో, ఏ చెత్తడబ్బా పక్కనో పెడతారు. ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. నువ్వు దాచిన చోట్లకు వెళ్ళాకే, ఇన్నేళ్ళుగా ఉంటున్న ఊళ్ళో ఇలాంటి మూలలున్నాయా అనిపించింది. ఈ మోకాలితో ఒక్కోదానికి రెండేసి సార్లు వెళ్ళాను తెలుసా. అంత మంచి చోట అంత పనికిమాలిన డబ్బా కనిపిస్తే ప్రాణం ఉసూరుమనదూ?"

ఆ ఊరొచ్చాక ఉడత చేసిన పనిని అంత దగ్గరగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. కమ్మీ మీద చేత్తో ఊరికే రాస్తూ కూర్చుంది.

ఆవిడ సంచిలోంచి వేలంత ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసింది. గాజులా తేటగా, దళసరిగా ఉంది. మూతి దగ్గర మాత్రం అచ్చం కూల్‌డ్రింకు సీసాకు ఉన్నట్టే మరలు, మరల మీద మర మూత.

"ఇది సీసా పిల్ల. దీన్నే వేడి చేసి గాలి ఊదితే పెద్ద సీసా అవుతుంది. లోపలి గ్యాసునే బయటికి పోనివ్వని మూతమ్మా, బయటి నీళ్ళని రానిస్తుందా? అడుగున చుక్కో మచ్చో ఉన్నవి రోజూ తుక్కులోకి పోతాయి. సూపర్‌వైజరును అడిగితే, తీసుకెళ్ళు, మోత తగ్గుతుందన్నాడు."

ఉడత దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత తీసి, మళ్ళీ బిగించి, ఇక ఆగలేక లేచి నిలబడింది. "మా ఇల్లు ఇక్కడికి దగ్గరే. బకెట్టుంది, రండి."

"బకెట్టుందా?" అంది నత్త, భోజనానికి పిలిచినంత సంతోషంగా.

మూడో అంతస్తు ఎక్కడానికి భర్త స్వయంగా లిఫ్టు పట్టి ఉంచాడు. అత్తగారు తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించింది. గీత గీసిన కాగితం పెట్టి, సీసా పిల్లకు రాయి కట్టి, చల్లటి నీళ్ళలో ముంచారు. సాయంత్రం దాకా నలుగురూ కబుర్లలో పడిపోయారు. అత్తగారు, నత్త ఇద్దరూ ఒకే మోకాలికి ఒకే నూనె వాడుతున్నారని తేలాక ఇక వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఐదింటికి తీసి చూస్తే లోపల నీటి చుక్క లేదు. కానీ గొట్టం లోపలి గోడకు సన్నటి మంచు పట్టింది. గీత అంచు కాస్త అలుక్కుంది.

నత్త మొహం వాడిపోయింది. "ఇలా జరగడానికి వీల్లేదే. మూత కారదు. నా ఉద్యోగం మీద ఒట్టు."

అత్తగారు తీర్పు చెప్పబోతుంటే ఉడత చెయ్యి అడ్డం పెట్టింది. అలాంటి మంచు ఆమెకు రోజూ చూసేదే. ఏసీ గదిలోంచి బయటికి రాగానే జనం కళ్ళద్దాలు తుడుచుకోవడం ఎన్నిసార్లు చూడలేదు?

"నీళ్ళు బయటి నుంచి రాలేదత్తయ్యా. వానాకాలం గాలి, మూత పెట్టేటప్పుడే తేమతో సహా లోపలికి పోయింది. బకెట్టు చల్లదనానికి అది గోడకు పట్టింది."

"మరి గాలిని ఎండలో ఆరేస్తామా?" అన్నాడు భర్త.

"అక్కర్లేదు." ఉడత తన హ్యాండుబ్యాగు బోర్లించింది. కొత్త ఫ్రేములు వచ్చే పెట్టెల్లో తేమ పీల్చుకోవడానికి గుళికల పొట్లాలు వస్తాయి. షాపులో రోజూ గుప్పెడు పారేస్తారు. చిన్నది ఒకటి కాగితంతో పాటు గొట్టంలోకి దూర్చి, గట్టిగా మూత బిగించింది.

ఈసారి మూడు రోజులు ముంచారు. నాలుగో రోజు సాయంత్రం నత్త ఫ్యాక్టరీ నుంచి సరాసరి అక్కడికే వచ్చింది. అత్తగారు కాగితం కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నత్త చేతికిచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇరవయ్యారేళ్ళలో నేను పాస్ చేసినవాటిలో ఇదే మేలైనది," అంది నత్త.

ఆ వారమంతా ఎడతెరిపి లేకుండా కురిసింది. ఉడత గొడుగేసుకుని ఏడు చోట్లకూ వెళ్ళి ఏడు సీసా పిల్లలను పెట్టి వచ్చింది. ఊళ్ళో మిగతా ఆటగాళ్ళు అవి చూసి, ఎక్కడివి, మాకూ కావాలని రాయడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఆదివారం పదింటికి వంతెన మెట్ల మీద పదిమంది దాకా పోగయ్యేవారు. తాబేలు అనే బస్సు డ్రైవరు, గుడ్లగూబ అనే నర్సు, ఇంకా ఎవరెవరో. నత్త తుక్కు సంచి విప్పేది. ఉడత పొట్లాలు పంచేది. పంచుతూ అందరి కళ్ళద్దాల మరలూ బిగించేది.

ఒక ఆదివారం అత్తగారు కూడా తయారై కూర్చుంది. "నాకూ ఒకటివ్వండి. నేనూ దాస్తాను." ఆటలో తన పేరు పిల్లి అని పెట్టమంది. పార్కులో బెంచీ మీద ఉడతనూ నత్తనూ కళ్ళు మూసుకుని కూర్చోమని, పావుగంటలో తిరిగొచ్చింది.

ఉడత, నత్త కలిసి పార్కంతా గాలించారు. చెట్ల తొర్రలు, కుళాయి దిమ్మ, కమ్మీల అడుగు, పూల కుండీల వెనక. గంట గడిచింది. అత్తగారు బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ, వేయించిన గింజలు నములుతూ కూర్చుంది.

"కనీసం ఏ వైపో చెప్పండత్తయ్యా," అంది ఉడత రొప్పుతూ.

"చెబితే ఆటేముందమ్మా? ఇంకా బోలెడు పొద్దుంది, వెతకండి."

బెంచీ చివర కూలబడిన నత్త చేతికర్రను ఉడత చేతికిచ్చి, ఆమె భుజం మీద చెయ్యేసి లేచింది. "పద అమ్మాయ్. ఆ రాళ్ళ గుట్ట మనం ఇంకా చూడలేదు."